రత్నమాల పుట్టిల్లు

ఇరవై ఏళ్లకు పైగా కాపురం చేసిన పెళ్లానికి తిండి పెట్టనన్నాడు ఒక మొగుడు. రాజుగారు సరేనన్నారు. జరిగిన తప్పు ఇంతే. ఆ తప్పును రాజుగారి నోటితోనే దిద్దించడానికి ఒకాయన చేసిన పనే ఈ కథ.

ఇది కంకణగిరి అనే రాజ్యంలో జరిగింది. ఎప్పుడు అంటే రాజులున్న రోజుల్లో. ఆ రాజు పేరు వీరకంఠీరవుడు. మనిషి చెడ్డవాడేమీ కాడు. బిరుదుల పిచ్చి ఒక్కటే ఉండేది. పొద్దున కొలువులోకి రాగానే వందిమాగధులు ఆ బిరుదులన్నీ వరసగా చదవాలి. ఆయన సింహాసనం మీద కళ్లు మూసుకుని, ఒక్కో బిరుదుకూ ఒక్కో వేలు ముడుచుకుంటూ వింటాడు. యుద్ధానికి ఎన్నడూ వెళ్లకపోయినా 'శత్రుభయంకర' అన్నది అందులో ఉండేది. పాట మొదలుపెడితే పావురాలు లేచిపోయేవి గానీ, 'సంగీతసాగర' కూడా ఉండేది.

అన్నిటిలోకీ ఆయనకు రెండు బిరుదులంటే ప్రాణం. ఒకటి 'ఆడితప్పని దొర'. తప్పని తెలిసినా అన్నమాట వెనక్కి తీసుకోడు కాబట్టి వచ్చిన పేరది. రెండోది 'గజకులపోషక'. పట్టాభిషేకం నాడు ఆయన ఒక శాసనం వేయించాడు. రాజుగారికి కొలువు చేసిన ఏనుగు, ముసలిదై పని మానేసినా సరే, అది బతికినంత కాలం దాని మేతలో పిడికెడు కూడా తగ్గించకూడదు. ఆ శాసనం గజశాల వాకిట్లో రాతిమీద చెక్కి ఉండేది. పరదేశపు రాయబారులు ఎవరొచ్చినా ముందు ఆ రాయి చూపించాకే భోజనం.

ఆ గజశాలకు అధికారి సింగప్ప. అతని భార్య తిప్పాంబ. ఒకనాడు ఆమె తన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని కొలువుకు వచ్చింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు రాజు.

"అన్నం, ప్రభూ. నాకూ, ఈ పిల్లలకీ."

"ఏం, మా గజశాల అధికారి ఇంట్లో అన్నానికి కరువా?"

"ఇంట్లో కరువు లేదు. ఆ ఇంట్లో నేను లేను. కొత్తావిడ వచ్చింది. నన్ను పొమ్మన్నారు."

సింగప్ప ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు. అతను ముందే బాగా వల్లె వేసుకుని వచ్చినట్టున్నాడు. "మహాప్రభో, నేనేమీ కొట్టలేదు, తిట్టలేదు. ఈమెకు మోకాళ్ల నొప్పులు. వంగలేదు, లేవలేదు. ఇంటి పనికి మనిషి కావాలి కదా అని మరొకావిడను తెచ్చుకున్నాను. ఈమె పుట్టింటికి వెళ్లి సుఖంగా ఉండొచ్చు. పని చేయని మనిషికి నేనెందుకు పెట్టాలి? పుట్టింటివాళ్లు లేరా?"

"పిల్లలు?"

"తల్లి వెంటే, ప్రభూ. పసివాళ్లను తల్లినుంచి విడదీసే పాపం నాకెందుకు? పిల్లాడు అంకుశం పట్టేంతవాడయ్యాక నేనే తెచ్చుకుంటాను. నా ఉద్యోగానికి వారసుడు కావాలి కదా."

"అందాకా వాళ్ల తిండి?"

"అది కూడా పుట్టింటివాళ్లే చూసుకుంటారు. మనవల్ని సాకడం వాళ్లకు మాత్రం వేడుక కాదా?"

"నాకు అమ్మానాన్నలు లేరు, ప్రభూ," అంది తిప్పాంబ. "ఉన్నది తమ్ముడు. వాడిది ఒంటిదూలం ఇల్లు. వాడి పెళ్లాం నన్ను చూసి కుండలో బియ్యం ఎన్ని ఉన్నాయో చూసుకుంటుంది. ఆమెను తప్పు పట్టను. నేనైనా అదే చూసుకుంటాను."

లోపల మృదంగం శ్రుతి చేస్తున్న చప్పుడు వినబడింది. మధ్యాహ్నం రాజుగారి గానకచేరీ ఉంది. ఆయన మనసు అటు పోయింది.

"తీర్పు వినండి," అన్నాడు. "కొలువు మానిన ప్రాణి బరువు పుట్టింటిది. పిల్లలు తల్లి వెంట. ఎదిగాక తండ్రి వెంట. అంతే."

కొలువులో జన్నయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. జీతం మాత్రం నెలనెలా అందేది. ఆయన మెల్లగా లేచాడు.

"గొప్ప తీర్పు, ప్రభూ. చిన్న సందేహం. ఇది తిప్పాంబ ఒక్కర్తికేనా, రాజ్యంలో అందరికీనా?"

రాజుకు ఆ ప్రశ్న నచ్చింది. ఒక ఇంటి తగువు కాస్తా రాజ్యానికంతటికీ ధర్మమైపోతోందంటే ఎవరికి నచ్చదు? "అందరికీ. నా తీర్పుకు మనిషికీ మనిషికీ తేడా లేదు."

"మనుషుల వరకేనా, ప్రాణులన్నిటికీనా?"

"ప్రాణులన్నిటికీ. దండోరా వేయించు," అని రాజు పాట పాడుకోవడానికి వెళ్లిపోయాడు.

తిప్పాంబ కోట బయట మెట్ల మీద కూర్చుని ఉంది. పిల్లలిద్దరూ చెరో పక్కనా ఉన్నారు. జన్నయ్య వచ్చి, "అమ్మా, బాధపడకు," అన్నాడు.

"బాధపడటం లేదు బాబూ. లెక్క వేసుకుంటున్నాను. ఈ పూట గడుస్తుంది. రేపటి పూటే తెలియటం లేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు ఇప్పటికే చాలామంది అయ్యారు. నువ్వు కూడా అందుకే వస్తే నీ పని చూసుకో."

జన్నయ్య నవ్వుకున్నాడు. "సింగప్పకు ఈ అధికారి పదవి ఎలా వచ్చింది?"

"మావటిగా ఉండగా ఒక మదపుటేనుగు విసిరేసింది. తొడ ఎముక విరిగి ఏడాదిపాటు మంచంలో ఉన్నాడు. ఆ ఏడాది గజశాల నేను నడిపాను. ఉలవలు నేను ఉడికించాను, ముద్దలు నేను చేశాను, మావటీల తగాదాలు నేను తీర్చాను. పైకి మాత్రం ఆయన పేరు. గజశాల ఎన్నడూ ఇంత శుభ్రంగా లేదని రాజుగారు మెచ్చుకుని, లేచి నడవగానే ఆయనకు పదవి ఇచ్చారు."

"మరి కొలువులో ఈ మాట అనలేదేం?"

"రాజుగారు అడగలేదు. అడిగినవాటికే సమాధానం చెప్పనిచ్చారా?"

"రెండు రోజులు మీ తమ్ముడి ఇంట్లో సర్దుకోగలవా?"

"రెండు రోజులైతే మా మరదలు కూడా సర్దుకుంటుంది," అంది తిప్పాంబ.

సాయంత్రం ఊరంతా దండోరా వేశారు. అది విన్నాక జన్నయ్య నేరుగా గజశాలకు వెళ్లాడు. సింగప్ప కొత్తావిడను కోటలో చుట్టాలకు చూపిస్తూ తిరుగుతున్నాడు కాబట్టి అక్కడ ముసలి మావటి ఒక్కడే ఉన్నాడు. అతని ఎదురుగా రత్నమాల నిలబడి తీరిగ్గా చెరకు నములుతోంది.

రత్నమాల అంటే మామూలు ఏనుగు కాదు. రాజుగారి పట్టాభిషేకానికి పొరుగున ఉన్న తుంబళ రాజు కానుకగా పంపిన ఏనుగు. అప్పటినుంచీ ప్రతి ఊరేగింపులోనూ రాజుగారిని అంబారీ మీద మోసింది. రాజుగారు ఏటేటా బరువు పెరిగారు. రత్నమాల మోకాళ్లు ఏటేటా అరిగాయి. పోయినేడు ఇక మోయలేకపోతే కొత్త ఏనుగును తెచ్చారు. రత్నమాల ఇప్పుడు తిని కూర్చుంటుంది. దాని చుట్టూ ఒక గున్న తిరుగుతూ, అందరి తలపాగాలూ లాగుతూ ఉంటుంది. అది రత్నమాల బిడ్డే.

"దండోరా విన్నావుగా?" అన్నాడు జన్నయ్య.

"విన్నానండి. పని మానినవాళ్లు పుట్టింటికి పోవాలంట."

"మరి రత్నమాలకు పని మాన్పించి ఏడాది కాలేదూ?"

మావటి నోరు తెరిచాడు. "అది మనుషులకు కదండి?"

"ప్రాణులన్నిటికీ అని రాజుగారే అన్నారు. రేపు పొద్దున్నే పసుపూ కుంకుమా పెట్టి తుంబళకు పంపించు. గున్న తల్లి వెంటే. మేత కట్టకు. అది పుట్టింటివాళ్లు చూసుకుంటారు."

"అయ్యా, ఈ మోకాళ్లతో ఇది తుంబళ దాకా ఏం నడుస్తుందండీ?"

"నడిపించమని ఎవరన్నారు? బయలుదేరదీయమన్నాను."

మావటి తలపాగా సర్దుకుని, సరేనన్నాడు. ఏనుగులతో బతికినవాడు కాబట్టి ఎక్కడ పక్కకు తప్పుకోవాలో అతనికి తెలుసు.

మర్నాడు కొలువులో వందిమాగధులు బిరుదులు మొదలుపెట్టారు. రాజు కళ్లు మూసుకుని వేళ్లు ముడుస్తున్నాడు. అంతా అయ్యాక చూసుకుంటే ఒక వేలు ముడవకుండా మిగిలిపోయింది. రాజు కళ్లు తెరిచాడు.

"ఒకటి తగ్గింది," అన్నాడు.

వందిమాగధుల పెద్ద నేల చూపులు చూశాడు.

"గజకులపోషక ఏది?"

"జన్నయ్యగారు వద్దన్నారు ప్రభూ. ఇవాళ్టినుంచి అది అబద్ధం కిందికి వస్తుందట. కొలువులో అబద్ధమాడితే కొరడా దెబ్బలని భయపెట్టారు."

రాజు జన్నయ్య వైపు తిరిగాడు. "ఏమోయ్, నా బిరుదు ఏం చేశావు?"

"నేనేం చేయలేదు, ప్రభూ. నిన్న మధ్యాహ్నం కచేరీకి ముందు ప్రభువులే వదులుకున్నారు. పాపం, పొద్దున్న రత్నమాల వెళ్తుంటే జనానికి కళ్లు చెమర్చాయి."

"ఎక్కడికి వెళ్లింది?"

"పుట్టింటికి. తుంబళకి. నిన్నటి తీర్పు ప్రకారం. వీధిలో ఆడవాళ్లంతా గడపల్లో నిలబడి ఒకటే గుసగుసలు. 'ఏనుగుకు పసుపు రాశారేమే?' అని ఒకావిడ. 'పుట్టింటికి పంపేస్తున్నారట' అని ఇంకొకావిడ. 'ఎవరు వదిలేశారు?' అని ముందావిడ. 'ఇంకెవరు, రాజుగారే.'"

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు అటు చూసేసరికి అందరూ గంభీరంగా ఉన్నారు.

అంతలో సింగప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. పైపంచె ఎక్కడో జారిపోయింది. "మహాప్రభో, ఘోరం జరిగిపోయింది. రత్నమాలను గజశాల నుంచి వెళ్లగొట్టారు. మేత కూడా ఆపేశారు. ఎవడు చేశాడో చెప్పండి, వాడి చేతులు నరికిస్తాను."

"నా చేతులే," అన్నాడు జన్నయ్య. "తరువాత నరికిద్దువు గాని. ముందు ఒక మాట చెప్పు. అది పని చేయటం లేదుగా?"

"చేయలేక చేయటం లేదు. మోకాళ్లు అరిగిపోయాయి."

"కొత్త ఏనుగు వచ్చిందిగా?"

"వస్తే? కొత్తది వచ్చిందని పాతదాన్ని తోలేస్తామా? దాని మోకాళ్లు ఊరికే అరిగాయా? ఇక్కడి బరువు మోసే కదా అరిగాయి?"

ఆ బరువు తనదేనని రాజుకు అర్థమైంది. కొద్దిగా సర్దుకుని కూర్చున్నాడు.

"అయినా దానికి పుట్టిల్లు ఉంది కదా, సింగప్పా. హాయిగా వెళ్లి ఉంటుంది," అన్నాడు జన్నయ్య.

"ఏం పుట్టిల్లు? పడుచుతనంలో ఎప్పుడో వచ్చేసింది. అక్కడ దాన్ని ఎరిగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? దాని వయసంతా ఇక్కడే గడిచింది. ఇప్పుడు వెళ్లి అక్కడి కట్టుకొయ్య దగ్గర నిలబడితే, ఉన్న ఏనుగులు దాన్ని చేరనిస్తాయా? తమ మేతలో వాటా పెడతాయా?"

"బాగా చెప్పావు. మరి గున్నో? దాన్ని తల్లి వెంట పంపాను. పసిదాన్ని విడదీసే పాపం నాకెందుకు? దానికి దంతాలొచ్చి అంబారీ మోసేంతయ్యాక మనమే తెచ్చుకుందాం."

ఇక్కడ రాజే కలగజేసుకున్నాడు. "నీకు మతి ఉందా? అందాకా తుంబళ రాజు మేపి, ఎదిగాక మనకు అప్పజెబుతాడా? మేపినవాడిదే ఏనుగు అంటాడు. నేనైనా అదే అంటాను. పైగా వాడు నా మొహాన నవ్వడూ? కానుక ఇచ్చిన ఏనుగుకు తిండి పెట్టలేక పిల్లతో సహా తిప్పి పంపాడని దేశమంతా చెప్పుకుంటాడు."

"అవును ప్రభూ," అన్నాడు సింగప్ప ఆవేశంగా. "మన గున్న మేత మనం పెట్టక ఊళ్లోవాళ్లు పెడతారా? వినడానికే సిగ్గుచేటు."

అనేశాక అతనికి ఏదో తట్టింది. కొలువంతా తననే చూస్తోంది. సింగప్ప మెల్లగా చుట్టూ చూశాడు. లేని పైపంచె కోసం భుజం తడుముకున్నాడు.

జన్నయ్య చేతులు కట్టుకున్నాడు. "నేనేమీ కల్పించలేదు, ప్రభూ. సింగప్ప నిన్న భార్య గురించి అన్న మాటలే ఇవాళ ఏనుగు గురించి నేను అన్నాను. సమాధానాలు కూడా అతనే చెప్పాడు. నాకు శ్రమ లేకుండా పోయింది."

రాజు గడ్డం గోక్కున్నాడు. ఏం జరిగిందో ఆయనకు తెలిసింది. తెలిసినా, నేను ఆడితప్పని దొరను కదా అన్న బాధ ఒకటి అడ్డం పడింది. "జన్నయ్యా, నీ మాట బాగానే ఉంది. కానీ ఒకసారి తీర్పు చెప్పాక నేను వెనక్కి తీసుకోను. నా పేరు ఏం కావాలి?"

"వెనక్కి తీసుకోమని ఎవరన్నారు? ప్రభువులు రెండు మాటలు ఆడారు. కొలువు చేసిన ప్రాణికి బతికినంత కాలం మేత పెడతానన్నది పట్టాభిషేకం నాటి మాట. పెట్టనక్కర్లేదన్నది నిన్నటి మాట. నిన్నటిది నిలబెడితే మొదటిది తప్పినట్టు. మొదటిది నిలబెడితే నిన్నటిది తప్పినట్టు. ఏదో ఒకటి తప్పక తప్పదు. ఒకటి రాతిమీద ఉంది. ఇంకొకటి నిన్న మృదంగం చప్పుడులో అన్నది. ఏది నిలబెడతారో ప్రభువుల ఇష్టం."

రాజు కాసేపు ఆలోచించాడు. తరువాత ఆయన మొహం విప్పారింది. తీర్పు మార్చుకుంటే మాట తప్పినట్టు కాదు, నిలబెట్టుకున్నట్టు అని ఎవరైనా ఒక దారి చూపిస్తే ఎంత పెద్ద రాజైనా ఆ దారిన నడుస్తాడు.

"మొదటి మాటే నిలుస్తుంది," అన్నాడు. "పట్టాభిషేకం నాడు ఇచ్చిన మాట నేను తప్పను. రత్నమాలను వెనక్కి పిలిపించండి. ఎంత దూరం వెళ్లిందో ఏమో, గుర్రాల మీద వెళ్లండి."

"గుర్రాలెందుకు ప్రభూ? అంగడి వీధిలో చెరకు బళ్ల దగ్గరే ఉంటుంది. అది అక్కడినుంచి కదలదని మావటికి తెలుసు, నాకూ తెలుసు. చెరకు రైతుకు మాత్రం ప్రభువులు ఏదైనా ఇప్పించాలి. ఇప్పటికి సగం బండి అయిపోయి ఉంటుంది."

అప్పుడు నవ్వాడు రాజు. మామూలుగా కాదు, బొజ్జ కదిలేట్టు, కిరీటం పక్కకు ఒరిగేట్టు నవ్వాడు. కొలువంతా ధైర్యంగా నవ్వింది. సింగప్ప ఒక్కడే నవ్వలేదు.

"నా తీర్పు ప్రాణికీ ప్రాణికీ ఒకటేనన్నాను కదా," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "ఆ ఇల్లాలిని పిలవండి."

తిప్పాంబ వచ్చింది. రాజు కొత్త తీర్పు చెప్పాడు. సింగప్పకు కొఠారు నుంచి వచ్చే జీతపు ధాన్యంలో సగం ఆమెకూ పిల్లలకూ పోవాలి. పిల్లల తిండీ బట్టా వాళ్లు ఎదిగేదాకా తండ్రివే. ఎదిగాక ఎవరి దగ్గర ఉండాలో వాళ్లే చెప్పుకుంటారు.

"ఇంకేమైనా అడగాలా?" అన్నాడు రాజు. నిన్న అడగనిది ఇవాళ అడిగాడు.

"ఒక్కటి, ప్రభూ. ఆ ధాన్యం ఆయన చేతి మీదుగా వద్దు. కొఠారు నుంచి నేరుగా నా వాకిట్లోకి రావాలి. నెలనెలా ఆయన గుమ్మంలో నిలబడి నేను అడగను, పిల్లల్ని పంపి అడిగించను."

"అది నామోషీ, ప్రభూ," అని గొణిగాడు సింగప్ప. "నేను పంపనా?"

"రత్నమాల మేత కొఠారు నుంచి వస్తుందా, నీ దయ మీద వస్తుందా?" అన్నాడు రాజు. ఈ మాట ఆయనకు సొంతంగా తట్టింది. తనే మురిసిపోయి జన్నయ్య వైపు చూశాడు. జన్నయ్య భేషని తల ఊపాడు. ఆ మాత్రం రాజుకు వదిలిపెట్టడం కూడా తెలివే.

తరువాత రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి జన్నయ్యకు కప్పాడు, కానుకగా ఒక పంటచేను రాసిచ్చాడు. జన్నయ్య మొహమాటానికైనా వద్దనలేదు. ఆయన వద్దనే రకం కాదు. వందిమాగధులు బిరుదులు మళ్లీ మొదటినుంచి చదివారు. రాజు మిగిలిన వేలు కూడా ముడిచి, సుఖంగా కళ్లు మూసుకున్నాడు.

తిప్పాంబ అంగడి వీధి వెనకాల చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. నెల తిరగ్గానే కొఠారు బండి ఆమె వాకిట్లో ఆగింది. మరదలు చూడటానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ చేటెడు బియ్యం కట్టించుకుని పోయింది. తిప్పాంబ సంతోషంగానే కట్టి ఇచ్చింది. రెండు రోజుల తిండి రుణం ఉంచుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

వానాకాలం దాటాక సింగప్ప వచ్చాడు. గుమ్మంలో నిలబడి, ఇంటి దూలాలవైపు చూస్తూ మాట్లాడాడు.

"తిప్పా, ఒక జీతం రెండిళ్లకు పంచడం దేనికి చెప్పు? ఇంటికి వచ్చేయ్. పెద్దదానివి, నీ స్థానం నీకుంటుంది. ఆమెకు ఉలవలు ఉడికించడం కూడా చేతకాదు."

"ఉలవలు ఉడికించడానికా నేను రావాలి?"

"అలా కాదు. లోకం ఏమంటుంది? మీ తమ్ముడూ అదే అన్నాడు. రాణీగారు కూడా నిన్ను ఇంటికి వెళ్లమని కబురు పంపారట కదా."

"పంపారు. ఆవిడకు ఏం చెప్పానో మీకూ అదే చెబుతున్నాను. మీరు నాకు తిండి పెట్టాలి కాబట్టి పెడుతున్నారు. పిల్లలకు తండ్రి కాబట్టి ఎప్పుడు చూడాలన్నా రండి, గుమ్మం తెరిచే ఉంటుంది. నేను మాత్రం రాను. పొమ్మన్నది మీరు. రానంటున్నది నేను. ఇందులో లోకానికి పనేముంది?"

 ఆమె మజ్జిగ ఇచ్చింది. తాగి వెళ్లాడు.

కొన్నేళ్లకు కూతురి పెళ్లికి అతను వచ్చి, అల్లుడి కాళ్లు కడిగి కన్యాదానం చేశాడు. తిప్పాంబ పక్కనే నిలబడి నీళ్లు పోసింది. ఆ సాయంత్రం చుట్టాలందరూ ఒక్కటై, ఇంత మంచి రోజున ఇద్దరూ కలిసి ఒక ఇంటికి వెళ్తే ఎంత బాగుంటుందో అన్నారు. ఆమె అందరికీ తాంబూలాలిచ్చి, పందిట్లో దీపాలన్నీ సర్ది, తన ఇంటికి తను వెళ్లింది.

సింగప్ప గడప మళ్లీ తొక్కనంది. తొక్కలేదు.